తివాచీ మీద సిరా మరక: గుర్తుపట్టడం, తీయడం, ఆరబెట్టడం

తివాచీ మీది సిరా మరకను తీయడమంటే పోగుల్లోకి దిగిన రంగును కరిగించి, అది మళ్లీ గట్టిపడేలోపు ఒక తెల్ల గుడ్డకు ఎక్కించడం. ఈ ఒక్క మాట మనసులో ఉంచుకుంటే ఎందుకు రుద్దకూడదు, ఎందుకు పోయకూడదు, గుడ్డను ఎన్నిసార్లు మార్చాలి అనే ప్రశ్నలకు చాలావరకు సమాధానం దానంతటదే దొరుకుతుంది. రుద్దితే రంగు పక్క పోగులకు పాకుతుంది. ద్రావకం పోసేస్తే రంగు కరిగి పైకి రాకుండా అడుగుకు దిగుతుంది. మాసిన గుడ్డతోనే అద్దుతూ పోతే తీసిన రంగునే తిరిగి అంటించినట్లవుతుంది.

కర్నూలు, అనంతపురం, కడప ఇళ్లలో నేల మీద పరిచేవాటిలో చాలా రకాలు ఉన్నాయి. పెళ్లిళ్లకూ పేరంటాలకూ తీసే నూలు జంపఖానాలు, హాల్లో సోఫా ముందు వేసే యంత్రపు తివాచీలు, ముస్లిం ఇళ్లలో నమాజుకు పరిచే జానమాజులు, అనంతపురం వైపు కురుబలు గొర్రె ఉన్నితో నేసే కంబళ్లు, తలుపు దగ్గర వేసే జనపనార పట్టలు ఒక్కొక్కటి సిరాను ఒక్కో విధంగా పీల్చుకుంటాయి. ఆదోని అప్పట్లో బళ్లారి జిల్లాలో ఉండి, తివాచీల తయారీకి పేరు పొందిన ఊరు కాబట్టి, కర్నూలు జిల్లా పడమటి ఇళ్లలో తాతల నాటి నేత తివాచీ ఒకటి పెట్టె అడుగున ఉండటం అరుదేమీ కాదు. అటువంటి దానిమీద సిరా పడితే ఈ వ్యాసంలో మొదటి పది నిమిషాల గురించి చెప్పిన భాగం వరకే పాటించి, మిగతా పనిని అనుభవజ్ఞులకు వదిలేయడం మేలు.

మొదటి పది నిమిషాలు

సిరా తడిగా ఉన్నంతసేపు ఏ రసాయనమూ అక్కరలేదు. పాత తెల్ల పంచె ముక్కనో, రంగు పోని తెల్ల తువ్వాలునో నాలుగు మడతలు వేసి మరక మీద నిట్టనిలువుగా నొక్కి, అయిదారు సెకన్లు ఉంచి, పైకి ఎత్తి, శుభ్రమైన మడతతో మళ్లీ నొక్కాలి. రంగు అంచు గుడ్డ వాడకూడదు, ఎందుకంటే దాని రంగు కూడా తివాచీకి దిగవచ్చు. ఎక్కువ సిరా ఒలికినప్పుడు ముందు చెంచా అంచుతో, బయటి నుంచి లోపలికి, పైన నిలిచిన సిరాను ఎత్తి పారేసి, ఆ తరువాతే గుడ్డ వేయాలి.

తివాచీని ఎత్తగలిగితే వెంటనే ఎత్తి చూడాలి. జంపఖానా పలచన కాబట్టి సిరా అవతలికి దిగి నేలకు అంటుకుని ఉంటుంది. ముందు నేలను తుడిచి, మరక కింద మడతపెట్టిన తువ్వాలు ఒకటి దూర్చి, ఆ తరువాతి పని అంతా దానిమీదే చేయాలి. ఇక్కడ మన ప్రాంతానికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి ఉంది. కడప బండలూ బేతంచెర్ల బండలూ సున్నపురాయి జాతివి. మరకల కోసం అందరూ చెప్పే వెనిగర్, నిమ్మరసం రెండూ ఆమ్లాలే. అవి తివాచీలోంచి కారి బండ మీద పడితే సిరా మరక పోయినా పోకపోయినా నునుపు దెబ్బతిని తెల్లటి మచ్చ మాత్రం నిలిచిపోతుంది. ఆమ్లం వాడే పనైతే తివాచీ కింద ప్లాస్టిక్ షీటు వేసి, దానిమీద తువ్వాలు పరచాలి.

ఏ పోగు, ఏ సిరా

తివాచీ అడుగున చీటీ ఉంటే పోగు పేరు అక్కడే దొరుకుతుంది. లేకపోతే అంచు నుంచి ఒక చిన్న పోగు తెంపి, పట్టకారుతో పట్టుకుని, స్టీలు పళ్లెం మీద అగ్గిపుల్లతో కాల్చి చూడాలి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే నల్లని బూడిద మిగిలితే అది ఉన్ని లేదా పట్టు. కాగితం కాలినట్లు మండి, మెత్తని బూడిద అయితే నూలు, జనపనార లేదా విస్కోస్. కరిగి ముద్దగా మారి, చల్లారాక గట్టి పూసలా మిగిలితే నైలాన్, పాలియెస్టర్, పాలీప్రొపిలీన్ వంటి కృత్రిమ పోగు. ఈ పరీక్ష స్పిరిట్ సీసా గదిలోకి రాకముందే ముగించాలి.

వీటిలో పాలీప్రొపిలీన్ రంగును తేలికగా పీల్చుకోదు కాబట్టి దాని యజమాని అదృష్టవంతుడు. నైలాన్ రంగును పట్టుకుంటుంది, ఆలస్యం చేసేకొద్దీ కష్టం పెరుగుతుంది. ఉన్నికి క్షారమూ క్లోరిన్ బ్లీచూ పడవు, బ్లీచ్ ఉన్నిని పసుపు చేసి చివరికి కరిగించేస్తుంది. విస్కోస్ తడిస్తే బలం కోల్పోతుంది, నొక్కిన చోటల్లా పోగులు నలిగిపోతాయి. మెత్తగా పట్టులా మెరుస్తూ చవకగా దొరికే తివాచీలు చాలావరకు ఇవే. జనపనార ఎక్కువగా తడిస్తే సిరాతో సంబంధం లేకుండానే గోధుమరంగు మచ్చలు కడుతుంది.

సిరా ఏదో కలం చూసి చెప్పగలిగితే సరే. కలం దొరకనప్పుడు రెండు దూది ఉండలతో తేల్చుకోవచ్చు. ఒకదాన్ని నీళ్లలో తడిపి పిండి మరక అంచున అర నిమిషం అద్ది ఉంచాలి. దూదికి రంగు ఎక్కితే అది నీటి సిరా, అంటే ఇంకుపెన్నుదో, పిల్లల స్కెచ్‌పెన్నుదో, స్టాంపు ప్యాడ్‌దో అయివుంటుంది. ఎక్కకపోతే రెండో ఉండను స్పిరిట్‌తో తడిపి అలాగే చూడాలి. అప్పుడు రంగు ఎక్కితే బాల్‌పెన్ లేదా పర్మనెంట్ మార్కర్. రెండింటికీ సరిగా ఎక్కకపోతే జెల్‌పెన్ అయ్యే అవకాశం ఎక్కువ. దాని రంగు ద్రవంలో కరిగి ఉండదు, సన్నని రేణువులుగా ఉంటుంది, కాబట్టి దాన్ని కరిగించలేము, సబ్బు సాయంతో పోగు నుంచి వదిలించాలి.

సిద్ధం చేసుకోవలసినవి

స్పిరిట్ ఇందులో ముఖ్యమైనది. మెడికల్ షాపులో అడిగితే సర్జికల్ స్పిరిట్ ఇస్తారు. సెల్‌ఫోన్ రిపేరు చేసేవారు బోర్డులు తుడవడానికి వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరికితే ఇంకా మంచిది. సర్జికల్ స్పిరిట్లలో కొన్నింటిలో ఆముదం వంటి జిడ్డు పదార్థం కలిసి ఉంటుంది కనుక, గాజుపలక మీద ఒక చుక్క వేసి పూర్తిగా ఆరనిచ్చి, వేలికి జిడ్డు తగలకపోతేనే తివాచీకి వాడాలి. చేతులకు రాసుకునే శానిటైజర్ అత్యవసరానికి పనికివస్తుంది, కానీ రంగు కలిపినది వాడరాదు. జెల్‌లోని జిగురు పోగుల్లో మిగిలితే తరువాత దుమ్మును పట్టుకుంటుంది కాబట్టి, దాన్ని వాడితే కడగడం రెండింతలు జాగ్రత్తగా చేయాలి.

దీనితోపాటు గిన్నెలు తోమే రంగులేని లిక్విడ్, తెల్ల గుడ్డలు, దూది, పాత టూత్‌బ్రష్, ఇంకు ఫిల్లరు లేదా మందు డ్రాపరు, తెల్ల వెనిగర్, గ్లిసరిన్, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంటే చాలు. బట్టల సర్ఫ్‌పొడి మాత్రం వద్దు. అందులో తెల్లదనం కోసం కలిపే మెరుపు పదార్థాలు రంగు తివాచీ మీద వెలిసిపోయినట్లుండే మచ్చను మిగులుస్తాయి.

నీటి విషయంలో రాయలసీమ పాఠకులు కాస్త ఆగి ఆలోచించాలి. మన బోరు నీళ్లలో గట్టితనం ఎక్కువ. ఆ నీటిలో సబ్బు నురగ రాకపోగా తెల్లటి తెట్టుగా విరిగి పోగులకు అంటుకుంటుంది, నీరు ఆరిన తరువాత ఉప్పుచారలు కనిపిస్తాయి. గీజరులోనో, టీ కాచే గిన్నెలోనో తెల్లని పొర కడుతూ ఉంటే మీ నీళ్లు ఆ రకమే. మరక పనికి కావలసింది రెండు మూడు లీటర్లకు మించదు కనుక క్యాను నీళ్లు వాడటమే సుఖం. 1990ల మధ్యలో మొదలైన సత్యసాయి తాగునీటి పథకం కుళాయి ఉన్న ఊళ్లలో ఆ నీళ్లు పట్టుకోవచ్చు, కర్నూలులో తుంగభద్ర నీళ్లు వచ్చే వీధుల్లో మున్సిపల్ కుళాయి నీళ్లూ బోరు నీళ్ల కంటే నయం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట మేడ మీది ట్యాంకు నీళ్లు కాగినట్లే ఉంటాయి. వేడినీరు చాలా మరకలను పోగుకు పట్టించేస్తుంది కనుక ఆ నీటిని బక్కెటులో పట్టి చల్లార్చాకే వాడాలి, లేదా కుండ నీళ్లు తీసుకోవాలి.

ఏ ద్రవాన్నైనా మరక మీద వేసేముందు సోఫా కింద దాగి ఉండే మూలలో కొద్దిగా అద్ది, పది నిమిషాల తరువాత తెల్ల గుడ్డతో నొక్కి చూడాలి. తివాచీ రంగే గుడ్డకు దిగితే ఆ ద్రవం ఆ తివాచీకి పనికిరాదు.

బాల్‌పెన్, మార్కర్ మరకలు

ఇళ్లలో ఎక్కువగా పడేది ఇదే. జేబులోంచి జారి, పడుకున్నవారి బరువుకు నలిగి కారిన బాల్‌పెన్ రీఫిల్ ఒక్కటి జంపఖానాను పాడుచేయడానికి చాలు. దీని రంగులు జిడ్డు వంటి రెసిన్‌లో కలిసి ఉంటాయి కాబట్టి మొదటే నీళ్లు పోస్తే ప్రయోజనం ఉండదు, పైగా తడిసిన పోగులోకి స్పిరిట్ సరిగా దిగదు.

1. గదిలో స్టవ్, దీపం, అగరుబత్తి ఆర్పి, కిటికీలు తెరవాలి. స్పిరిట్ ఆవిరి నిప్పుకు వెంటనే అంటుకుంటుంది. పూజగది పక్కనే హాలు ఉండే ఇళ్లలో ఈ మాట ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

2. స్పిరిట్‌ను తివాచీ మీద పోయకుండా దూదికో గుడ్డకో పట్టించి, మరక బయటి అంచు నుంచి నడిమికి అద్దుకుంటూ రావాలి. నడిమి నుంచి మొదలుపెడితే మరక వలయంగా విస్తరిస్తుంది. రబ్బరు జిగురుతో అంటించిన అడుగుపొర ఉన్న యంత్రపు తివాచీల్లో ద్రావకం లోపలికి దిగితే ఆ జిగురు వదులవుతుంది, కనుక పైపోగులు తడిసేంతవరకే అద్దాలి.

3. అర నిమిషం ఆగి, పొడి తెల్ల గుడ్డ వేసి అరచేతితో గట్టిగా నొక్కాలి. గుడ్డకు నీలం ఎక్కితే పని జరుగుతున్నట్టే. వెంటనే గుడ్డను మరో మడతకు తిప్పి, దూదిని మార్చి, మళ్లీ రెండో అడుగు నుంచి చేయాలి. మన ఎండల్లో స్పిరిట్ చూస్తుండగానే ఆవిరైపోయి, కరిగిన రంగు అక్కడే మళ్లీ గట్టిపడుతుంది. అందుకని ఫ్యాను, కూలరు ఆపి, అరచేయంత కన్నా పెద్ద మరకైతే భాగాలుగా చేసుకోవాలి. ఉదయం పూట చేస్తే ఇంకా సులువు.

4. గుడ్డకు రంగు ఎక్కడం ఆగిపోయేదాకా ఇలాగే సాగించాలి. ఇది ఓపికకు పరీక్ష. నాలుగోసారికే విసిగి బ్రష్‌తో గట్టిగా గీకడం వల్లనే ఎన్నో తివాచీలు మరక కంటే పెద్ద నష్టాన్ని చూస్తున్నాయి.

5. మిగిలిన నీడకు కప్పు నీటిలో పావు చెంచా గిన్నెల లిక్విడ్ కలిపి గుడ్డతో అద్ది, రెండు నిమిషాల తరువాత మంచినీళ్లతో తడిపి పిండిన గుడ్డతో మూడు నాలుగుసార్లు తుడిచి సబ్బు పూర్తిగా తీయాలి. సబ్బు మిగిలితే ఆ చోటే మన ఎర్రదుమ్ము పట్టి, నెలరోజుల్లో కొత్త మరకలా కనిపిస్తుంది.

పర్మనెంట్ మార్కర్‌కు, వైట్‌బోర్డు మార్కర్‌కు కూడా ఇదే పద్ధతి. గోళ్ల రంగు తీసే ద్రవంలోని అసిటోన్ ఇంకా బలమైనదే కానీ కొన్ని కృత్రిమ పోగులను అది కరిగిస్తుంది, అడుగు జిగురునూ చెడగొడుతుంది. నూలు జంపఖానా మీద, అదీ మూలన పరీక్షించాకే, దాన్ని ప్రయత్నించవచ్చు. ఎండి పాతబడిన బాల్‌పెన్ మరకకు ముందుగా గ్లిసరిన్ కొన్ని చుక్కలు వేసి అరగంట నాననిచ్చి, గుడ్డతో ఒత్తి తీసి, ఆ తరువాత స్పిరిట్‌కు వెళితే గట్టిపడిన సిరా మెత్తబడి తొందరగా వదులుతుంది.

ఇంకుపెన్ను, స్టాంపు ప్యాడ్ మరకలు

ఇంకుపెన్ను సిరాకు చల్లని నీళ్లతో మొదలుపెట్టాలి. గుడ్డతో తడి అద్దడం, పొడి గుడ్డతో లాగడం మార్చి మార్చి చేస్తే చెరిగిపోయే రకం నీలం సిరా చాలావరకు వచ్చేస్తుంది. ఆ తరువాత లిక్విడ్ నీళ్లు. ఉన్ని మీద అయితే ఒక పాలు వెనిగర్‌కు రెండు పాళ్లు నీళ్లు కలిపి అద్దవచ్చు, ఉన్ని ఆమ్లాన్ని తట్టుకుంటుంది. బండల సంగతి పైన చెప్పాను.

లేతరంగు నూలు, కృత్రిమ పోగుల మీద చివరికి నీలి నీడ మిగిలితే హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడవచ్చు. మెడికల్ షాపుల్లో సాధారణంగా 6 శాతం ద్రావణం దొరుకుతుంది, సమానంగా నీళ్లు కలిపి 3 శాతానికి తగ్గించి, డ్రాపరుతో మరక మీదే వేసి, ఇరవై నిమిషాల తరువాత కడగాలి. ముదురు రంగు తివాచీలకు, ఉన్నికి, పట్టుకు ఇది వద్దు. వెనిగర్ వాడిన చోటైతే దాన్ని పూర్తిగా కడిగాకే పెరాక్సైడ్ వేయాలి, రెండూ కలిస్తే ఘాటైన ఆమ్లం తయారవుతుంది.

నీలి నలుపు సిరాలో ఇనుము ఉండవచ్చు. కరక్కాయ, అన్నభేది కలిపి పూర్వం ఇళ్లలో కాచుకున్న సిరా కూడా ఆ కోవదే. రాసిన తరువాత గాలి తగిలి నల్లబడటమే దాని గుణం. దీనికి బ్లీచ్ తగిలితే నలుపు పోయి తుప్పు రంగు మిగులుతుంది, ఆ తుప్పు మరక మొదటి మరక కంటే మొండిది. తెల్ల నూలు మీద అయితే నిమ్మరసం అద్ది పది నిమిషాలకు కడిగి చూడవచ్చు, రంగుల వాటిమీద వద్దు.

దస్తావేజులు రాసే ఇళ్లలో, బడి పంతుళ్ల ఇళ్లలో స్టాంపు ప్యాడ్ సిరా మరక ఎక్కువ. ఇది గ్లిసరిన్ వంటి ఆరని ద్రవంలో కలిసిన రంగు కాబట్టి రోజుల తరబడి తడిగానే ఉండి, తొక్కినకొద్దీ పాకుతుంది. ముందు లిక్విడ్ నీళ్లు, అవి ఆరాక స్పిరిట్, మళ్లీ నీళ్లు అనే వరుస దీనికి సరిపోతుంది.

జెల్‌పెన్, ప్రింటర్, ఎన్నికల సిరా

జెల్ సిరాకు లిక్విడ్ నీళ్లు అద్ది, టూత్‌బ్రష్ కుచ్చుతో పోగు వాలిన దిశలోనే చాలా తేలికగా తట్టి, వెంటనే గుడ్డతో లాగాలి. ఎండితే పూర్తిగా పోతుందని ఆశించవద్దు, నీడగా మారితే చాలని సరిపెట్టుకోవాలి.

జెరాక్సు, లేజర్ ప్రింటర్ల టోనర్ సిరా కాదు, ప్లాస్టిక్ కలిసిన సన్నని పొడి. వేడి తగిలితే కరిగి అంటుకుంటుంది. అందువల్ల తడి చేయకుండా, తుడవకుండా, తివాచీని బయటికి తీసుకెళ్లి తలకిందులుగా దులిపి, మిగిలినదాన్ని గట్టి కాగితపు అంచుతో ఎత్తి, ఆఖరున చల్లని నీళ్ల గుడ్డ వాడాలి. మామూలు వ్యాక్యూమ్ క్లీనరు ఆ సన్నని పొడిని గాలిలోకి వదిలేస్తుంది కనుక వద్దు.

ఎన్నికల సిరా సంగతి వేరు. మైసూరులో తయారై 1962 సార్వత్రిక ఎన్నికల నుంచి వాడుకలో ఉన్న ఆ సిరాలో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది, వెలుతురు తగిలి వెండి నల్లబడుతుంది. పోగుకు పట్టిన వెండిని స్పిరిట్ గానీ సబ్బు గానీ ఏమీ చేయలేవు. తడిగా ఉండగానే నీళ్లతో లాగేస్తే ఎంత పోతే అంతే.

ఆరబెట్టడం, మరక తిరిగి రావడం

సాయంత్రానికి శుభ్రంగా కనిపించిన చోట మరునాడు ఉదయం నీలం మళ్లీ తేలడం చూసి చాలామంది కంగారు పడతారు. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లే, పైభాగం ఆరుతున్నకొద్దీ పోగు తన మొదట్లో మిగిలిన రంగు నీటిని చివరికి లాగుతుంది. దీనికి విరుగుడు కూడా ఆ గుణంలోనే ఉంది. తడి చోట మీద తెల్ల గుడ్డ ఎనిమిది మడతలు వేసి, దానిమీద ప్లాస్టిక్ సంచిలో చుట్టిన బరువైన పుస్తకాలో, నీళ్లు నింపిన స్టీలు క్యానో పెట్టి రాత్రంతా ఉంచితే, పైకి వచ్చే రంగు పోగు చివరన ఆగకుండా గుడ్డలోకి వెళ్తుంది. కాగితం సిరా తగిలే అవకాశం ఉంది కాబట్టి వార్తాపత్రికలు నేరుగా వేయరాదు.

పూర్తిగా ఆరబెట్టడానికి మన వాతావరణం పెద్ద వరం. అయినా నడిఎండలో నేరుగా వేస్తే అద్దకం రంగులు వెలుస్తాయి, అందుకే వరండా నీడలో, దండెం మీద రెండువైపులా గాలి తగిలేలా వేయాలి. ఉన్ని కంబళిని వేలాడదీస్తే తడి బరువుకు సాగుతుంది, దాన్ని నులకమంచం మీద పరచడం సరైన పద్ధతి. ఆరిన తరువాత పోగును చేత్తోనో మెత్తని బ్రష్‌తోనో వాలుకు దువ్వాలి.

చేయకూడనివి, ఆపవలసిన చోటు

పాలు పోస్తే సిరా పోతుందని మన ఇళ్లలో ఒక నమ్మకం. పాలలోని నీటికి కొంత రంగు వస్తుంది, అంతకు మించి జరిగేది పోగుల్లో పాలు పులియడం, చీమలు పట్టడం. టూత్‌పేస్టులోని గరుకు పొడి పోగును గీకుతుంది. కిరోసిన్, పెట్రోలు మరకను పెద్దది చేయడమే కాక ఇంటికే ప్రమాదం. బ్లీచింగ్ పౌడరు రంగు తివాచీకి శత్రువు, పైగా దాన్ని వెనిగర్‌తోనో మరే ఆమ్లంతోనో కలిపితే విషవాయువు వస్తుంది.

పట్టు, విస్కోస్, చేతినేత ఉన్ని, పాత కుటుంబ తివాచీల మీద మరక అరచేతి కంటే పెద్దదైనా, రెండుసార్లు అద్దినా గుడ్డకు రంగు ఎక్కకపోయినా అక్కడితో ఆపి డ్రై క్లీనింగ్ వారికి ఇవ్వడం మంచిది. ఇచ్చేటప్పుడు ఏ సిరా పడింది, ఎప్పుడు పడింది, ఇంట్లో దానిమీద స్పిరిట్ అద్దారా, వెనిగరా, పెరాక్సైడా అన్నది వరుసగా ఒక చీటీ మీద రాసి తివాచీకి గుచ్చి ఇవ్వాలి. పోగుల్లో మిగిలిన రసాయనం తెలియకుండా వారు మరొకటి వేస్తే రంగు వెలిసిపోయే ప్రమాదం ఉంది, ఆ తరువాత ఎవరూ చేయగలిగింది ఉండదు.